కిటికీలు లేని బ్యానరు

హార్బరు గేటుకి ఎదురు సందులో మూడో షట్టరు టార్పాలిన్ అక్కది. లారీల మీద కప్పే పట్టాలు, పడవల్లో ఎండకి కట్టే గుడ్డలు, కొట్ల ముందు దించే తెరలు, మందపాటి గుడ్డ ఏదైనా సరే, ఆ చుట్టుపక్కల ఆవిడ మిషను కింద నుంచి పోవాల్సిందే. వయసు యాభై రెండు. పెళ్ళి మాట ఎత్తినప్పుడల్లా తీరిక లేదనేది. తీరిక దొరికే నాటికి ఆ మాట ఎత్తేవాళ్ళే లేకుండా పోయారు. ఆవిడకి అసలు పేరొకటి ఉందన్న సంగతి కరెంటు బిల్లుకి తప్ప ఎవరికీ గుర్తు లేదు. చిన్నాపెద్దా అందరికీ టార్పాలిన్ అక్కే. చివరికి కన్నతల్లి కూడా ఫోనులో "మా టార్పాలిన్ ఇంకా కొట్టు మూయలేదమ్మా" అంటుంది.

ఆ పేరంటే ఆవిడకి మహా ఇష్టం, పైకి చెప్పదు గానీ. అందుకే ఒక శనివారం హార్బరు గేటు దగ్గర, కొత్తగా వచ్చిన కాలేజీ అమ్మాయి ఒకతె నవ్వుకుంటూ దగ్గరికొచ్చి, "మీరు టీచరుగారి అక్కయ్యగారు కదండీ?" అనేసరికి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

టీచరుగారంటే ఆవిడ సొంత చెల్లెలే. పన్నెండేళ్ళు చిన్నది, బడిలో సైన్సు చెబుతుంది. నలభై ఏళ్ళుగా చెల్లెలు "టార్పాలిన్ అక్క వాళ్ళ చెల్లెలు" గానే చలామణీ అయింది. ఆరు నెలల్లో లెక్క తలకిందులైంది. అలా తలకిందులు కావడానికి కారణం ఎవరయ్యా అంటే, వేరే ఎవరో అయితే తిట్టుకుని ఊరుకోవచ్చు. కారణం ఆవిడే.

నాలుగేళ్ళ కిందట సంగతి ఇది. పోస్టుమాస్టరుగా చేసి రిటైరైన ఒక పెద్దాయన కొట్టుకొచ్చి, "అమ్మా, ఒక బ్యానరు కుట్టిపెట్టాలి" అన్నాడు. ఏమని రాయాలని అడిగిన పాపానికి అరగంట చెప్పాడు. సముద్రం అడుగున, నాలుగైదు కిలోమీటర్ల లోతున, ఎండ పొడ చేరని చోట నల్లటి రాళ్ళు పరుచుకుని ఉంటాయట. బ్యాటరీలకి పనికొచ్చే లోహాలు వాటిలో ఉంటాయట. ఒక కంపెనీ ఓడలోంచి పెద్ద పైపు దింపి, ఆ రాళ్ళనీ బురదనీ వాటిని అంటిపెట్టుకున్న జీవాలనీ కలిపి పైకి పీల్చుకోబోతోందట. ఆ ఓడ ఆగేది ఈ హార్బరులోనేనట.

"ఎంతెంత ఉంటాయండీ ఆ రాళ్ళు?" అంది ఆవిడ మిషను తొక్కుతూనే.

ఆయన పిడికిలి చూపించాడు.

"బంగాళదుంపలంత."

"అంతే. కాకపోతే అంత అవడానికి కోటి ఏళ్ళు పట్టొచ్చు."

ఆవిడ మిషను ఆపింది. "అయితే ఒకసారి తీసిన దుంప మళ్ళీ మొలవదన్నమాట" అంది.

పోస్టుమాస్టరు జేబులోంచి తాను రాసి తెచ్చిన కాగితం తీసి చింపేశాడు. మొదటి బ్యానరు మీద ఆవిడ మాటే కుట్టించాడు: తీస్తే మళ్ళీ మొలవదు. అప్పట్నుంచీ ప్రతి శనివారం సాయంత్రం గంటసేపు ఓ పదిమంది హార్బరు గేటు పక్కన ఆ బ్యానరు పట్టుకుని నిలబడుతున్నారు. ఎవరి పనులు వాళ్ళు చేసుకుంటూ, ఎవరూ పిలవకపోయినా వచ్చేవాళ్ళు. వాళ్ళని అందరూ శనివారం వాళ్ళంటారు. వానొచ్చినా, లారీవాళ్ళు వెటకారం చేసినా నాలుగేళ్ళలో ఒక్క శనివారం కూడా తప్పనిది టార్పాలిన్ అక్క ఒక్కతే. పోస్టుమాస్టరే కంటి ఆపరేషనుకి రెండు వారాలు మానేశాడు. ఆ సంగతి ఆవిడ మరిచిపోదు, ఆయన్ని మరిచిపోనివ్వదు.

ఆవిడ బ్యానర్లకి ఒక గుర్తు ఉంది. గుడ్డలో అక్కడక్కడా అరచేతి వెడల్పున అర్ధచంద్రంలా కోతలు పెడుతుంది. కింది వంపు కోసి, పై అంచు గుడ్డకే అతుక్కుని ఉండేలా వదిలి, అంచులు చిరగకుండా కుట్టేస్తుంది. గాలి తోసినప్పుడు ఆ రెప్పలు లేస్తాయి, గాలి అందులోంచి పోతుంది, గుడ్డ కుదురుగా నిలబడుతుంది. ఆవిడకి ఈ పని నేర్పింది తండ్రి. ఆయన వాటిని కిటికీలు అనేవాడు. "గుడ్డకి ఊపిరాడకపోతే పట్టుకున్నవాడికి ఆడదే" అని చెప్పేవాడు. ఆ రోజుల్లో చెల్లెలికి కొట్లో ఒకటే పని: పెద్ద గుడ్డ కోసేటప్పుడు ఓ కొస బిగించి పట్టుకుని నిలబడటం. ఇంకో చేత్తో పుస్తకం పట్టుకునేది. అది చదువుకునే పిల్ల, దాని చేతికి సూది ఇవ్వొద్దనేవాడు తండ్రి. అక్క చేతికి మాత్రం పదమూడో ఏటే ఇచ్చాడు.

కిందటేడు చెల్లెలికి ఇక్కడి బడికి బదిలీ అయింది. వచ్చిన వారానికే అక్క దాన్ని చెయ్యి పట్టుకుని గేటు దగ్గరికి తీసుకెళ్ళింది. "నీకు సైన్సు తెలుసు కదా, వచ్చేపోయేవాళ్ళకి కాస్త విడమరిచి చెబుదువుగాని రావే" అంది. చెల్లెలు మొదటి వారం వెనక నిలబడింది. రెండో వారం ఒక లారీడ్రైవరు వెటకారానికి బదులు చెప్పింది. మూడో వారం మైకు దాని చేతికొచ్చింది, ఇక వదల్లేదు. చెప్పొద్దూ, బాగా మాట్లాడుతుంది. లారీలు ఇంజన్లు ఆపి మరీ వినేవి. పదిమంది నలభై మంది అయ్యారు. సంతోషపడాల్సిన విషయమే, ఆవిడ కూడా పడింది. రెండు వారాలు పడింది.

ఆ తర్వాతి వారం పేపర్లో వచ్చింది. చెల్లెలి ఫొటో పెద్దది. కింద, "తీసిన దుంప మళ్ళీ మొలవదంటూ ఉపాధ్యాయిని చెప్పిన పోలిక అందరినీ ఆకట్టుకుంది" అని రాశారు. తల్లి ఆ ముక్క కత్తిరించి ఫ్రిజ్ తలుపుకి అంటించింది. టార్పాలిన్ అక్క నీళ్ళ సీసా కోసం వెళ్ళినప్పుడల్లా చెల్లెలు నోరు తెరుచుకుని ఎదురయ్యేది.

"ఆ మాట నాదే అమ్మా" అంది ఒకరోజు ఉండబట్టలేక.

"ఎవరిదైతే ఏంటే, ఒక ఇంటివాళ్ళే కదా. అయినా ఇటు చూడు, నువ్వూ పడ్డావు." తల్లి ఫొటో ఎడమ అంచున వేలు పెట్టి చూపించింది. అక్కడ బ్యానరు కొస పట్టుకున్న నాలుగు వేళ్ళున్నాయి. టార్పాలిన్ అక్కవే. బొటనవేలు కూడా పడలేదు.

ఆ వేళ్ళని చూసిన రోజు నుంచి ఆవిడకి చెల్లెలు ఏం చేసినా కంట్లో నలుసే. అది నవ్వితే ఫొటో కోసం నవ్వినట్టుండేది. అది "అక్కా, టీ తాగావా?" అని అడిగితే, అందరి ముందూ మంచిదనిపించుకోడానికి అడిగినట్టుండేది. ఒకరోజు చెల్లెలికి గొంతు బొంగురుపోయి మాట రాకపోతే, ఆవిడ మిరియాలు వేడినీళ్ళలో మరగబెట్టి ఇస్తూ, లోపల్లోపల హాయిగా ఊపిరి పీల్చుకుంది. అలా పీల్చుకున్నందుకు సిగ్గుపడింది. సిగ్గుపడేలా చేసినందుకు చెల్లెలి మీద ఇంకాస్త మండింది. అసూయ ఇలాగే ఉంటుంది, దానికి తిండి పెట్టాల్సిన పని లేదు, దొరికింది తిని బతికేస్తుంది.

ఇలా ఉండగా కబురొచ్చింది: ఆదివారం పొద్దున కంపెనీ ఓడ మొదటిసారి పైపు దింపి చూడటానికి బయల్దేరుతోంది. హార్బరు గోడ అవతల, ఓడ దారికి అడ్డం రాకుండా, పదిహేను చిన్న పడవలు వరసగా నిలబడాలని శనివారం వాళ్ళు అనుకున్నారు. ముందు పడవలో రెండు గెడలకి పెద్ద బ్యానరు. ఊరూరి నుంచీ కెమెరాలవాళ్ళు వస్తున్నారు. టార్పాలిన్ కొట్టు వెనక గదిలో, గుడ్డ చుట్టల మీద కూర్చుని అందరూ మాట్లాడుకున్నారు. ముందు పడవలో ఐదుగురికే చోటు. పోస్టుమాస్టరు జాబితా చదివాడు. చెల్లెలి పేరుంది. టార్పాలిన్ అక్క పేరు లేదు.

"ఈత వచ్చినవాళ్ళనే ఎక్కించాలన్నాడమ్మా పడవాయన" అన్నాడాయన ఆవిడ వంక చూడకుండా.

న్యాయమే. సముద్రం ఒడ్డున పుట్టి ఆవిడకి ఈత రాదు. చెల్లెలికి వచ్చు, నాన్న నేర్పించాడు, ఆ గంటలో కొట్టు చూసుకున్నది అక్క. ఆవిడ బ్యానరు కొలతలు రాసుకుంటూ, "ఇరవై అడుగులు, ఎనిమిది అడుగులు, కిటికీలు పద్నాలుగు పెడతాను" అంది.

"అక్కా, ఈసారి ఆ చిల్లులు వద్దేమోనే" అంది చెల్లెలు. "దూరం నుంచి తీసిన ఫొటోల్లో అక్షరాలు ఎలకలు కొరికినట్టు కనిపిస్తున్నాయి. అందరూ అంటున్నారు."

గదిలో ఎవరో నవ్వారు. పెద్ద నవ్వేం కాదు, పొరపాటున వచ్చిన నవ్వు. టార్పాలిన్ అక్క పెన్సిలు చెవి వెనక పెట్టుకుంది. ఆ కిటికీలు ఎందుకు పెడతారో చెప్పాలంటే రెండే మాటలు చాలు. గేటు దగ్గర చేత్తో పట్టుకున్న బ్యానరు వేరు, పడవలో గెడకి కట్టిన బ్యానరు వేరు, కిటికీలు లేకపోతే అది తెరచాప అయిపోతుంది. ఆ మాటలు నాలుక చివరి దాకా వచ్చాయి. ఎలకలు కొరికినట్టు, అన్న మాట వాటికి అడ్డుపడింది.

"సరే" అంది ఆవిడ. "చిల్లుల్లేకుండానే కుడతా."

శుక్రవారం, శనివారం రెండు పగళ్ళు కూర్చుని కుట్టింది. ఇంత నున్నగా, ఇంత అందంగా ఎప్పుడూ కుట్టలేదు. తెల్లటి మందపు గుడ్డ మీద నల్లటి అక్షరాలు, మడతకి మడత, ఎక్కడా ఒక్క పోగు లేచింది లేదు. కుడుతున్నంతసేపూ మనసులో ఒక బొమ్మ ఆడుతూనే ఉంది. గాలి లేస్తుంది, గుడ్డ ఒక్కసారి లాగుతుంది, చెల్లెలు తూలుతుంది, మైకు జారుతుంది, అన్ని కెమెరాల ముందూ మాట తడబడుతుంది. అంతే. అంతకు మించి ఆవిడ ఏమీ కోరుకోలేదు. చిన్న కుదుపు చాలు. "అయ్యో, టార్పాలిన్ అక్కని అడిగి ఉండాల్సింది" అని ఎవరైనా ఒక్కరు అంటే చాలు. శనివారం చెల్లెలు వచ్చి, అన్నం తిని చెయ్యి కడుక్కుని, గుడ్డ నిమిరి, "ఎంత బాగా వచ్చిందే అక్కా" అంది. ఆవిడ దారం కొరికి, మొహం తిప్పుకుని, సూదిలోకి కొత్త దారం ఎక్కించుకుంది.

ఆదివారం ఏడింటికి జెట్టీ మీద జనం కిక్కిరిసి ఉన్నారు. ఆవిడ చుట్టిన బ్యానరు భుజం మీద మోసుకొచ్చి పడవాయన చేతికిచ్చింది. పాత మనిషి, నాలుగేళ్ళుగా శనివారం వాళ్ళతో ఉన్నవాడు. ఏ తాడైనా రెండుసార్లు లాగి చూసుకోనిదే పడవ కదిలించడు. ఆ రోజు బ్యానరు మాత్రం పరీక్షగా చూడలేదు, చకచకా గెడలకి కట్టేశాడు.

గాలి మామూలుగా తొమ్మిదింటికి గానీ లేవదు. ఆ రోజు ఏడున్నరకే ఆవిడ మెడ వెనక వెంట్రుకలు కదిలాయి. గుడ్డతో బతికే మనిషికి గాలి సంగతి ఎవరూ చెప్పక్కర్లేదు. ఆవిడ పడవ వంక చూసింది. బ్యానరు ముందు కొస నుంచి ఒక తాడు దిగుతుంది, దాన్ని ఎవరో ఒకరు చేత్తో బిగించి పట్టుకోవాలి. చెల్లెలు ఆ తాడు చివర తన నడుముకి చుట్టుకుంటోంది. రెండు చుట్లు చుట్టి, ముడి వేసి, ముడి మీద ముడి వేసి, ఖాళీ అయిన చేతుల్లోకి మైకూ, కాగితమూ తీసుకుంది.

టార్పాలిన్ అక్క రెండు రోజులుగా ఊహించుకున్న బొమ్మలో ఈ తాడు లేదు. గుడ్డ లాగితే ఇక తూలడం ఉండదు. ఎనిమిది అడుగుల ఎత్తు గుడ్డ మనిషిని ఎత్తి నీళ్ళలోకి విసిరి, తడిసి మీద పడుతుంది. దాని కింద ఈత ఎంత వస్తే ఏం లాభం.

ఆవిడ సంచిలో చెయ్యి పెట్టి కత్తెర తీసింది. జనాన్ని తోసుకుంటూ పోయి, జెట్టీ అంచున వంగి, గాలికి అప్పుడే ఉబ్బుతున్న బ్యానరుని గుప్పిట్లోకి లాగి, మధ్యలో కస్సున కోసింది. "మొలవదు" అన్న మాటకి నడిమధ్యన.

"ఏంటమ్మా ఈ పని?" పోస్టుమాస్టరు పరిగెత్తుకొచ్చాడు. కెమెరాలన్నీ ఇటు తిరిగాయి. ఆవిడ రెండో కోత కోసింది. వెనక నుంచి ఎవరో అన్నారు, "కుళ్ళండీ. చెల్లెలు పైకొస్తుంటే ఓర్చుకోలేక. ఎప్పట్నుంచో చూస్తున్నాం." ఎవరో ఆవిడ మోచెయ్యి పట్టుకున్నారు. చెల్లెలు పడవలోంచి చూస్తోంది. దాని మొహంలో కోపం లేదు.

టార్పాలిన్ అక్క మోచెయ్యి విదిలించుకుంది.

"కుళ్ళే" అంది. "కాకపోతే ఇప్పుడు కాదు. నిన్నా మొన్నా కుట్టినప్పుడు. కిటికీలు లేకుండా దీన్ని పడవకి కడితే ఏమవుతుందో నాకు తెలుసు. తెలిసే కుట్టాను. వద్దంది అది, ఎందుకు పెట్టాలో చెప్పనిది నేను. ముందు ఆ తాడు విప్పమనండి."

పడవాయన గుడ్డ అంచు పట్టుకుని అటూ ఇటూ చూశాడు. "నేను సరిగా చూడను కూడా లేదమ్మా" అన్నాడు నెమ్మదిగా. "నువ్వు కుట్టావు కదా అని."

అందరి ముందూ కుళ్ళు అన్నప్పుడు తగలని దెబ్బ ఆవిడకి అక్కడ తగిలింది.

చెల్లెలు నడుముకున్న ముడులు విప్పుకుంది. ముడి మీద ముడి కదా, కాసేపు పట్టింది. పడవ దిగి, జెట్టీ మీదకొచ్చి, బ్యానరు కొస రెండు చేతులా పట్టుకుని, వెనక్కి ఒరిగి బిగించింది. చిన్నప్పుడు కొట్లో నిలబడినట్టే నిలబడింది, చేతిలో పుస్తకం లేదు అంతే.

"కొయ్యి" అంది.

ఆవిడ కోస్తూ పోయింది. అంచులు కుట్టే వ్యవధి లేదు. చెల్లెలు వరసగా గుడ్డ జరుపుతూ పోయింది. తొమ్మిదో కిటికీ దగ్గర, అక్కకి తప్ప ఎవరికీ వినపడకుండా అడిగింది. "నేను ఆ తాడు నడుముకి కట్టుకోకుండా ఉంటే చెప్పేదానివా?"

కత్తెర ఆగింది. అబద్ధం చెప్పడానికి కావలసినంత సమయం ఉంది. చెప్పేదాన్నే అంటే ఆ పిల్ల నమ్మేస్తుంది కూడా, అక్క మాట నమ్మడం దానికి అలవాటు.

"తెలీదు" అంది టార్పాలిన్ అక్క.

చెల్లెలు తలూపి గుడ్డ జరిపింది. పద్నాలుగూ పూర్తయ్యాక పడవెక్కింది.

ఎనిమిదిన్నరకి గాలి బాగా లేచింది. ఓడ గోడ దాటేటప్పటికి పదిహేను పడవలూ వరసగా ఊగుతున్నాయి. ముందు పడవలో బ్యానరు మీద పద్నాలుగు రెప్పలూ ఒక్కసారిగా లేచి ఆడాయి. గుడ్డ మాత్రం కుదురుగా నిలబడింది. ఒడ్డున పెట్టిన స్పీకరులో చెల్లెలి గొంతు వినిపించింది. "తీస్తే మళ్ళీ మొలవదు. ఈ మాట నాది కాదు. పేపర్లో నా పేరుతో పడింది గానీ, నాలుగేళ్ళ కిందట మిషను ముందు కూర్చుని ఈ మాట అన్నది మా అక్క. ఆ బ్యానర్లన్నీ కుట్టింది కూడా తనే." చప్పట్లు కొట్టారు. కొందరు వెనక్కి తిరిగి ఆవిడ వంక చూసి, చూపు తిప్పుకున్నారు.

జెట్టీ మీద జరిగింది చూసి చెల్లెలు అప్పటికప్పుడు కలిపిన మాటేమో అనుకుంది ఆవిడ. పక్కనున్న పోస్టుమాస్టరు చేతిలో చెల్లెలి ప్రసంగం కాగితం ఉంది. తీసుకుని చదివింది. రెండో వరసలోనే ఆ మాట టైపు చేసి ఉంది.

"ఇది ఎప్పుడు రాసింది?"

"గురువారమే ఇచ్చిందమ్మా. నిన్న పేపర్లవాళ్ళకి పంచాం."

గురువారమంటే ఆవిడ గుడ్డకి కత్తెర పెట్టకముందు. ఆవిడ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. ఆరు నెలలుగా వినాలని ఏ మాట కోసం చెవులు కోసుకుందో ఆ మాట విన్నది. ఎక్కడికైనా పారిపోవాలనిపించింది.

ఓడ వెళ్ళింది, రెండు వారాలకి తిరిగొచ్చింది, మళ్ళీ వెళుతుందంటున్నారు. శనివారం వాళ్ళు మానలేదు. ఇప్పుడు అరవై మంది అయ్యారు. చెల్లెలే మాట్లాడుతుంది, బ్యానర్లు టార్పాలిన్ అక్కే కుడుతుంది. ఫ్రిజ్ మీదకి కొత్త ఫొటో వచ్చింది, అందులో అక్షరాలు నిజంగానే ఎలకలు కొరికినట్టున్నాయి. అక్క పేరు కూడా ఉంది కింద. తల్లి వచ్చినవాళ్ళందరికీ ఇద్దరు కూతుళ్ళనీ చూపించి మురిసిపోతుంది. చెల్లెలు ఎప్పటిలాగే వస్తుంది, అన్నం తింటుంది, "టీ తాగావా అక్కా?" అంటుంది. ఆ ఆదివారం మాట ఇద్దరూ ఎత్తలేదు.

ఒక్కటే మారింది. కొత్త బ్యానరు పూర్తయి అక్క చేతికిస్తే, ఇదివరకు చెల్లెలు దాన్ని చంకలో పెట్టుకుని పోయేది. ఇప్పుడు షట్టరు దగ్గరికి వెళ్ళి, మడత విప్పి, వెలుగుకి ఎత్తి పట్టుకుంటుంది. పెదవులు కదుపుతూ కిటికీలు ఒక్కొక్కటే లెక్కపెట్టుకుంటుంది. సరిపోయాక మడిచి, "వెళ్ళొస్తానక్కా" అంటుంది. టార్పాలిన్ అక్క మిషను మీద నుంచి తలెత్తకుండా, అది లెక్కపెట్టడం అయ్యేదాకా ఊపిరి బిగపట్టుకుని కూర్చుంటుంది.